చదరపు అడుగు చొప్పున కొన్న మానిటర్

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు అస్మా మానిటర్ వైరు పీకేసింది.

"ఎందుకమ్మా తీసేశావు? బొమ్మ బాగానే వస్తోందిగా" అన్నాడు ముబారక్.

"బొమ్మ వస్తోంది నాన్నా. తివాచీ ముడులు రావడం లేదు."

ముబారక్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ మానిటర్‌ని గురువారం సాయంత్రం ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆయనే. ముప్పై రెండు అంగుళాలది. అస్మా కాగితం మీద రాసిచ్చింది ఇరవై ఏడు అంగుళాలది. కాగితం ఆయన చొక్కా జేబులోనే ఉండిపోయింది.

"నువ్వడిగినదానికన్నా ఐదంగుళాలు పెద్దది తెచ్చాను. పదమూడొందలు తక్కువకి తెచ్చాను. ఇంకా మొహం మాడ్చుకుంటే నేనేం చెయ్యను?"

"కాగితం చూడాల్సింది."

"చూశాను."

"చూస్తే ఇది రాదు నాన్నా."

"నిన్నంతా ఇదే అయింది" అంది తల్లి మున్నీ వంటింట్లోంచి. "ఇడ్లీ తిని కొట్టుకోండి. చల్లారిపోతే మళ్లీ నా మీద పడతారు."

ఎవరూ లేవలేదు.

సాయంత్రం నాలుగింటికల్లా జమీర్‌కి గ్రాఫ్ పంపాలి, అంటే ఏ ముడికి ఏ రంగో గళ్లలో గీసిన తివాచీ బొమ్మ. జమీర్ ఏలూరు పవర్‌పేటలో తివాచీల వ్యాపారి. రాజమండ్రి హోటల్ ఒకటి ఆరు తివాచీలు అడిగితే ఆ ఆర్డరు ఈ ఇంటికి తెచ్చాడు. తంగెళ్లమూడిలోని ఈ ఇంటికి ముప్పై ఏళ్లుగా వచ్చిన ఆర్డర్లన్నీ ముబారక్ పేరు మీదే వచ్చాయి. ఇది మాత్రం అస్మా పేరు మీద వచ్చింది. మొదటిసారి.

ముందుగా నేసి పంపిన నమూనా ముక్క సోమవారం జమీర్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. కుడివైపు మూలలో పువ్వుకి ఒక రేక సగమే ఉంది. అస్మా మేనత్త మెహర్ పదకొండు రోజులు కూర్చుని నేసిన ముక్క అది.

"అమ్మాయి కంప్యూటర్‌లో గీసిందండీ. అందులో ఎక్కడో తెగింది" అని ముబారక్ జమీర్‌తో చెప్పాడు. అస్మా అప్పుడు పక్కనే ఉంది. తన పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్‌లో తివాచీని ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ గీసింది. తప్పు తనదే అయ్యుంటుందని తనూ అనుకుంది.

జమీర్ శనివారం దాకా గడువిచ్చాడు. మళ్లీ తప్పొస్తే ఆర్డరు ఉండదన్నాడు. తివాచీ మొత్తం ఒక్కసారి కళ్లకు కనబడితే తప్ప ఆ తప్పు దొరకదు. అందుకే మానిటర్. అందుకు ఇంట్లో తీసిపెట్టింది పద్దెనిమిది వేలు.

"అసలు అక్కడ ఏం చేశారో అడుగు" అంది మున్నీ గుమ్మంలోకి వచ్చి. "కొలిచే టేపు పట్టుకెళ్లారు."

"టేపా?"

"కొలవకుండా ఎలా కొంటాం?" అన్నాడు ముబారక్. "ముప్పై రెండు అంటాడు, ఇరవై ఏడు అంటాడు. పొడవా, వెడల్పా? ఏదీ కాదట. ఈ మూల నుంచి ఆ మూలకట. ఏ సరుకునైనా అలా కొలుస్తారా? నేను పొడవూ వెడల్పూ కొలిచాను. ఇది చదరపు అడుగు ఐదువేల నాలుగొందలు పడింది. నువ్వు రాసింది ఎనిమిదివేల రెండొందలు పడుతోంది. నువ్వే చెప్పు, ఏది కొంటారు?"

అస్మా రెండు చేతులతో తల పట్టుకుంది.

"చదరపు అడుగు చొప్పున లెక్కేశారా?"

"మరి?"

"షాపులో వాళ్లేం అన్నారు?"

"ఏమంటారు. షాపు ఓనరు కృష్ణచైతన్య నవ్వాడు. వెనక్కి తిప్పి చూపించమంటే ఇంకా నవ్వాడు."

"వెనక ఏముంటుంది నాన్నా?"

"నాలుగు మరలున్నాయి" అన్నాడు ముబారక్. తివాచీ ఏదైనా వెనక్కి తిప్పి ముడులు లెక్కపెట్టకుండా ఆయన కొనడు. ఏలూరులో ఎవరూ కొనరు.

బాత్‌రూమ్‌లోంచి తల తుడుచుకుంటూ అబ్రార్ వచ్చాడు. అస్మాకి తమ్ముడు. ఆకివీడులో ఆనంద్ పాల్ అనే చేపల చెరువుల ఆసామి దగ్గర లెక్కలు రాస్తాడు. శని, ఆదివారాలు ఇంట్లో ఉంటాడు.

"ఇంకా తెగలేదా అక్కా?"

"నువ్వు నాన్నతో వెళ్లి ఉంటే తెగేది."

"నేను ఆకివీడులో ఉన్నాను. ఫోన్ చేయొచ్చుగా?"

"నన్నే అడగలేదు. నీకు చేస్తారా?"

ముబారక్ లేచి నిలబడ్డాడు. "సరే. నేను తెలివితక్కువవాణ్ణి. ఇంత పెద్ద తెరలో నీ తివాచీ ఎందుకు పట్టదో చెప్పు. నాకు అర్థమయ్యేలా చెప్పు."

అస్మా వేళ్ల మీద లెక్కపెడుతూ మొదలుపెట్టింది.

"మన తివాచీ ఆరడుగులు తొమ్మిదడుగులు. అంగుళానికి ఎనిమిది ముడులు. అడ్డంగా ఐదొందల డెబ్బై ఆరు ముడులు, నిలువుగా ఎనిమిదొందల అరవై నాలుగు. అవునా?"

"అవును."

"ఒక్కో ముడికి తెర మీద వెలిగే చుక్కలు అడ్డంగా రెండు, నిలువుగా రెండు ఉంటేనే నా కంటికి ఆనుతుంది. తివాచీని పక్కకి పడుకోబెట్టినా పదకొండొందల యాభై రెండు చుక్కల ఎత్తు కావాలి. మీరు తెచ్చినదానికి వెయ్యీ ఎనభై ఉన్నాయి. అంచు తెర బయటికి పోతుంది. మళ్లీ ముక్కలే చూసుకోవాలి."

"ఇంత పెద్దదానికా?"

"పెద్దదే. చుక్కలు లేవు. మీ ముప్పై రెండు అంగుళాల దాంట్లో అంగుళానికి డెబ్బై చుక్కలు కూడా లేవు. నేను రాసిచ్చినదాంట్లో నూట తొమ్మిది. ఒక సంగతి చెప్పండి. అంగుళానికి ఐదు ముడులున్న తివాచీ పది అడుగులది ఒకటి. పది ముడులున్నది ఏడు అడుగులది ఒకటి. మీరు దేనికి ఎక్కువ ఇస్తారు?"

ముబారక్ మానిటర్ దగ్గరికి వెళ్లాడు. ఆరిపోయిన తెర మీద బొటనవేలు ఆనించి ఒక అంగుళం మేర చూశాడు. ముప్పై ఏళ్లుగా తివాచీ వెనక అలాగే చూస్తున్నాడు.

"ఇది వాడు చెప్పలేదు" అన్నాడు.

"మీరు అడగలేదు. టేపు తీశారు."

"అస్మా" అంది మున్నీ. "చాలు."

పక్క గదిలో మగ్గం చప్పుడు సాగుతూనే ఉంది. లోపల మెహర్ పాత ఆర్డరు నేస్తోంది.

"మార్చుకొద్దాం" అన్నాడు ముబారక్. "రెండు రోజులేగా అయింది. పెట్టెలో పెట్టు."

అస్మా మంచం కింద వెతికింది. తలుపు వెనక వెతికింది.

"అమ్మా, పెట్టె ఏది?"

మున్నీ మగ్గం గది వైపు చూసింది. అబ్రార్ కూడా అటు చూశాడు. మగ్గం చప్పుడు ఆగింది.

"ఏ పెట్టె?" అంది మెహర్ లోపలినుంచి.

అస్మా వెళ్లి చూసింది. గోడకి వరసగా అట్ట ముక్కలు తగిలించి ఉన్నాయి. ఒక్కో అట్టకి ఒక్కో రంగు ఊలు పోగు కట్టి, కింద నంబరు వేసి ఉంది. పన్నెండు అట్టలు. ఏడో నంబరు అట్ట మీద మానిటర్ కంపెనీ పేరు సగం ఉంది.

"అట్ట గట్టిగా ఉంది. పాత రంగుల అట్టలు చెద పట్టాయి" అంది మెహర్. "పారేస్తారనుకున్నాను."

"అత్తా! రెండు రోజులు కూడా ఆగలేవా?"

"పెట్టెతో పనేమిటి? వస్తువు బల్ల మీద ఉందిగా."

"టేపుతో అతికిస్తే?" అన్నాడు ముబారక్.

"పన్నెండు ముక్కలండీ" అంది మున్నీ. "అతికిస్తే తివాచీ అవుతుంది కానీ పెట్టె అవదు."

అబ్రార్ నవ్వాడు. అస్మా వాడి వైపు చూసింది. వాడు తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, పదిన్నరకు అస్మా, ముబారక్, అబ్రార్ ఆటోలో ఆర్.ఆర్.పేటలో కృష్ణచైతన్య షాపుకి వెళ్లారు. తమ్మిలేరు వంతెన మీద ట్రాఫిక్ ఆగితే ముబారక్ ఒక్కసారి, "గ్రాఫ్ ఎంత వరకు వచ్చింది?" అని అడిగాడు.

"చూస్తే కదా తెలిసేది" అంది అస్మా.

కృష్ణచైతన్య దుప్పటి విప్పి, అటూ ఇటూ చూసి, మళ్లీ కప్పాడు.

"పెట్టె కోసేశాక కంపెనీ తీసుకోదండీ. నాకు మార్చాలనే ఉంది. కానీ నేను ఎవరికి పంపను?"

"గీత పడలేదు, మరక పడలేదు" అన్నాడు ముబారక్.

"నేను కాదనడం లేదండీ. మొన్న మీరు కొలుస్తుంటే నేను చెప్పబోయాను కూడా. 'బాబూ, నాకు తివాచీల్లో ముప్పై ఏళ్ల అనుభవం' అన్నారు. ఇంకేం మాట్లాడతాను?"

ముబారక్ షాపు బయట ఉన్న స్కూటర్ల వైపు చూశాడు.

"పాతదాని కింద ఎంతిస్తారు?" అని అస్మా అడిగింది.

"పన్నెండు వేలు. అంతకంటే ఇస్తే నాకు మిగలదమ్మా."

"పన్నెండా! మొన్న గురువారం పదహారున్నర తీసుకున్నారు."

"బండి అయినా షోరూమ్ గడప దాటితే అంతేకదండీ." అని, కృష్ణచైతన్య గొంతు తగ్గించాడు. "పోనీ, వంపు తెరది ఒకటి ఉంది. ఆటలు ఆడేవాళ్లు అదే పట్టుకుపోతున్నారు. మీ డబ్బుకి కొంచెం కలిపితే..."

"నాకు వంపు వద్దండీ. అంచు గీత తెర మీద వంకరగా కనబడితే మగ్గం మీద కూడా వంకర పోతుంది. ఆటలాడేవాళ్లకి కావలసిన వేగంతో కూడా నాకు పనిలేదు. నా తివాచీ కదలదు. చుక్కలు కావాలి. పక్కనుంచి చూసినా రంగు మారకూడదు. మా అత్త పక్కన కూర్చుని ఊలు పోల్చుకుంటుంది. అంతే."

"ఆ కాగితంలో ఉన్నది అదే కదమ్మా" అన్నాడు కృష్ణచైతన్య. "మొన్న నాన్నగారు కాగితం తీసి ఉంటే..."

"అది వదిలేయండి" అన్నాడు ముబారక్.

అబ్రార్ ఇంతసేపూ గోడకున్న టీవీలు చూస్తున్నాడు. ఫోన్ తీసి బయటికి నడిచాడు. మెట్ల మీద నిలబడి మాట్లాడాడు. తర్వాత ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు.

"మా ఆసామి, ఆనంద్ పాల్ గారు. చెరువుల మీద కెమెరాలు పెట్టించారు. పది అడుగుల దూరంలో మంచం మీదనుంచి చూస్తారు. ఆయనకి తెర పెద్దదైతే చాలు. చుక్కలతో పనిలేదు."

"పెట్టె?" అంది అస్మా.

"ఆయనకి పెట్టెతో ఏం పని? ఐసు పెట్టెలు బోలెడున్నాయి." ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు.

"పదమూడు ఇస్తానయ్యా" అంది ఫోన్‌లో గొంతు. "రెండు రోజులు వాడారంటగా."

"వాడలేదండీ" అన్నాడు ముబారక్. "రెండు రోజులూ దాని గురించి దెబ్బలాడుకున్నాం, అంతే."

అవతల నవ్వు వినిపించింది. "పదిహేను. ఇంక అడక్కండి. రేపు సాయంత్రం బస్సుకి అబ్రార్ చేత పంపండి."

డబ్బు ఐదు నిమిషాల్లో అబ్రార్ ఫోన్‌కి వచ్చింది. గురువారం మిగిలిన పదిహేనొందలు కలిపితే పదహారువేల ఐదొందలు. అస్మా రాసిచ్చిన మానిటర్ పదిహేడువేల ఎనిమిదొందలు.

కృష్ణచైతన్య గోడ మీద వెలుగుతున్నదాన్ని చూపించాడు. "అదే మోడలు. నాలుగు నెలలుగా షాపులో చూపించడానికి పెట్టాం. మిగిలిన వారంటీ మీకే వస్తుంది. పదహారున్నరకి ఇస్తాను. పెట్టె కూడా ఇస్తాను. కొన్నాళ్లు కోయకండి."

ముబారక్ చేయి టేపు ఉన్న జేబు వైపు వెళ్లింది. ఆగింది. కూతురి వైపు చూశాడు.

అస్మా తెర మొత్తం తెలుపు చేయమంది. తర్వాత నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో రంగుకీ ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా నిలబడి, ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి చూసింది. ఒక చుక్క ఆరిపోయి ఉన్నా అది తన గ్రాఫ్‌లో ముడిలాగే కనబడుతుంది. ఇరవై నిమిషాలు పట్టింది. షాపులోకి వచ్చినవాళ్లు చూసి పక్కకి జరిగారు.

"బాగుంది" అంది. "బిల్లు రాయండి."

"వెనక తిప్పి చూడవా?" అన్నాడు అబ్రార్.

ముబారక్ వాడి వీపు మీద ఒకటి చరిచాడు. ఉదయం నుంచి ఆయన నవ్వింది అప్పుడే.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అస్మా అన్నం వద్దంది. మానిటర్ బల్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్‌కి కలిపి, గ్రాఫ్ తెరిచింది.

తివాచీ మొత్తం కనిపించింది. నాలుగు అంచులూ, నాలుగు మూలలూ.

రెండు నెలలుగా గీస్తున్న తివాచీని ఆమె మొత్తంగా చూడడం అదే మొదలు. మున్నీ పళ్లెం తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఎడమ మూలలో పువ్వు నిండుగా ఉంది. కుడి మూలలో పువ్వుకి రేక తెగింది. కళ్లు అంచు వెంట మెల్లగా నడిపించింది. అంచులో తీగ అంతా ఒకే లావున సాగింది. ఒకచోట మాత్రం రెట్టింపు లావైంది. ఇంకొంచెం దూరంలో మళ్లీ అలాగే. లెక్కపెట్టింది. ఐదు చోట్ల.

"నాన్నా, ఇటు రండి."

ముబారక్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఈ అంచు నేను గీసింది కాదు. హోటల్ వాళ్లు మీ పాత అంచే కావాలన్నారు. మీరు చేత్తో గీసిన ఆరు కాగితాలూ స్కాన్ చేసి కలిపాను. ఇదిగో, ఇక్కడ తీగ ఎందుకు లావైంది?"

ముబారక్ వంగి చూశాడు.

మెహర్ మగ్గం మీదనుంచి లేచొచ్చింది. చేతికి ఊలు నూగు అంటుకుని ఉంది. ఒక్కసారి చూసింది.

"అతుకు గీత" అంది.

"ఏ గీత?"

"ఒక కాగితం చివరి నిలువు గీతే, ఒక్క ముడి వెడల్పుది, పక్క కాగితం మొదట్లో మళ్లీ గీస్తాడు అన్నయ్య. అతికేటప్పుడు కలిసిందో లేదో తెలియడానికి. నేసేటప్పుడు నేను దాన్ని వదిలేస్తాను. ఎప్పుడూ వదిలేసేదాన్ని. కాగితం మీద అతుకు కనబడుతుంది. నువ్వు ప్రింటు తీసి ఇచ్చినదాంట్లో అతుకేది? ఉన్నదంతా నేసేశాను."

ఆరు కాగితాలు. ఐదు అతుకులు. ఐదు గీతలు ఎక్కువ. కంప్యూటర్‌లో వెడల్పు ఐదొందల డెబ్బై ఆరు ముడులకి ఆగిపోతుంది. చివర ఐదు ముడులు తెగిపోయాయి. రేక అక్కడిది.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది అస్మా.

"ఇది చెప్పాలా?" అన్నాడు ముబారక్. "మగ్గం దగ్గర పెరిగినవాళ్లందరికీ తెలిసిందే."

"నాకు తెలియదు."

"అడగొచ్చుగా."

"ఉందని తెలిస్తే కదా అడిగేది!" అస్మా కుర్చీ వెనక్కి నెట్టింది. "సోమవారం జమీర్ గారి ముందు నా తప్పన్నారు. ఆయన నా వైపు ఎలా చూశారో మీరు చూశారు. నేను ఐదు రోజులనుంచి నిద్రపోలేదు. ఎక్కడ కోశానా, ఏం చెరిపానా అని."

"నాకూ తెలియదుగా అప్పుడు."

"తెలియనప్పుడు నా పేరెందుకు చెప్పారు?"

ముబారక్ మెహర్ వైపు చూశాడు. మెహర్ చేతికున్న నూగు దులుపుకుంటోంది. గుమ్మంలో మున్నీ ఉంది. ఈసారి ఆమె కూతుర్ని ఆపలేదు.

అస్మా కుర్చీ మళ్లీ ముందుకి లాక్కుంది. ఐదు గీతలూ ఒక్కొక్కటే తీసేసింది. కుడి మూలలో పువ్వుకి రేక వచ్చింది. నాలుగు మూలలూ రెండుసార్లు లెక్కపెట్టింది. మెహర్ పక్కన కూర్చుని రంగుల నంబర్లు పోల్చింది. మూడూ నలభైకి గ్రాఫ్ జమీర్‌కి వెళ్లింది.

నాలుగూ పదికి ముబారక్ ఫోన్ మోగింది. అస్మా ఫోన్ కాదు. ముబారక్ ఫోన్.

ఆయన స్పీకర్ మీద పెట్టాడు.

"చూశానండీ ముబారక్ గారూ" అన్నాడు జమీర్. "చాలా బాగుంది. నాలుగు మూలలూ కలిశాయి. హోటల్ వాళ్లకి కూడా పంపాను. సరేనన్నారు."

మెహర్ కళ్లు తుడుచుకుంది. మున్నీ లోపలికి వచ్చి నిలబడింది.

"అయితే ఒక్క మాట" అన్నాడు జమీర్. "మొన్నటి తప్పు అమ్మాయిదని మీరే చెప్పారుగా. నేను అదే వాళ్లకి రాశాను. కొత్త చేయి మీద ఆరు తివాచీలు పెట్టలేమంటున్నారు. అందుకని ఆర్డరు కాగితం మీ పేరు మీదకి మారుస్తున్నాను. అమ్మాయి మీ కింద చేస్తుంది. పని అదే, డబ్బూ అదే. సోమవారం వచ్చి సంతకం పెట్టండి. సరేనా అండీ?"

ముబారక్ ఫోన్ మీద అరచేయి పెట్టాడు.

"ఆర్డరైతే ఎక్కడికీ పోలేదుగా" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు అతుకు గీత సంగతి చెబితే, ముప్పై ఏళ్లనుంచి గీస్తున్నవాడికి ఇది తెలియదా అనుకుంటారు. ఏం చెప్పమంటావు?"

అస్మా తెర మీదనుంచి కళ్లు తీయలేదు.

"జరిగింది చెప్పండి నాన్నా."

"హలో, ముబారక్ గారూ?" అంది ఫోన్‌లో గొంతు. "లైన్లో ఉన్నారా?"

ముబారక్ అరచేయి తీశాడు.

"ఉన్నానండీ" అన్నాడు.